ద్రాక్షతోటల మధ్య ఒక నదీయానం – మధుమేహులకు ఒక హెచ్చరిక



"డాక్టరుగారూ, రోజూ రాత్రి భోజనంతో ఒక చిన్న గ్లాసు ఎర్ర వైన్ పుచ్చుకుంటే గుండెకు మంచిదట కదా?" అని ఈమధ్య తరచుగా నన్ను అడుగుతున్నారు. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో నాకు ఎదురైనవి కల్లు, సారా గురించిన ప్రశ్నలు. ఆ అడిగేవారు కూడా అది ఆరోగ్యానికి మంచిదని ఎన్నడూ అనలేదు. ఒళ్లు నొప్పులు మరచిపోవడానికి తాగుతున్నామని నిజమే చెప్పేవారు. వైన్ విషయంలో మాత్రం చదువుకున్నవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, మధుమేహానికి మాత్రలు వాడుతున్నవారు కూడా దానిని ఒక ఔషధంగా భావించడం చూస్తున్నాను. పిల్లలు విదేశాలలో స్థిరపడటంతో అరవై, డెబ్బై ఏళ్ల తల్లిదండ్రులు యూరప్ యాత్రలు చేస్తున్నారు. ఆ యాత్రలలో ద్రాక్షతోటల సందర్శన, అక్కడ వైన్ రుచి చూడటం ఒక భాగమైపోయింది. అందువలన అటువంటి ఒక రోజును, ఆ రోజు నేర్పిన పాఠాన్ని మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

డౌరో నది మీద

మూడేళ్ల క్రితం సెప్టెంబరు నెలలో మా అమ్మాయి మా దంపతులిద్దరినీ పోర్చుగల్ దేశంలోని డౌరో నది మీద వారం రోజుల ఓడ ప్రయాణానికి పంపించింది. ఈ నది స్పెయిన్ కొండలలో పుట్టి, సుమారు 897 కిలోమీటర్లు ప్రవహించి, పోర్టో నగరం వద్ద అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. పొడవులో మన గోదావరిలో మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువ. రెండు ఒడ్డులా కొండలు దగ్గరకు వచ్చి నదిని ఇరుకున పెట్టిన చోట, పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు. అయితే పాపికొండలు అడవి. ఇక్కడి కొండలు నీటి అంచు నుంచి శిఖరం దాకా మనిషి చేతితో మెట్లుమెట్లుగా మలచినవి. ప్రతి మెట్టు మీద ద్రాక్షతీగలు.

ఒకప్పుడు ఈ నది మహా ప్రమాదకరంగా ఉండేది. రబెలో అనే చదునైన అడుగుగల పడవలలో వైన్ పీపాలను ఎగువ తోటల నుంచి పోర్టో ఎదుటి ఒడ్డున ఉన్న గిడ్డంగులకు తెచ్చేవారు. రాళ్ల మధ్య సుడులలో ఎందరో మునిగిపోయారు. ఈ నదికి వివరమైన పటం గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే ఆంగ్ల వర్తకుడు కూడా 1861లో ఈ నదిలోనే పడవ బోల్తాపడి మరణించాడు. ఇరవయ్యో శతాబ్దపు రెండవ సగంలో పోర్చుగల్ ప్రభుత్వం నది మీద ఐదు ఆనకట్టలు కట్టి, ఓడలు దాటడానికి లాకులు నిర్మించడంతో నది శాంతించింది.

గోదావరి డెల్టా వారికి లాకులంటే వివరించనక్కరలేదు. కాలువ మీద పడవ లాకులోకి వచ్చి, వెనుక తలుపులు మూసుకుని, నీరు నిండి, ముందు తలుపులు తెరుచుకునే తీరు చిన్నప్పుడు చూసినదే. అయితే కర్రపతెలో ఆనకట్ట లాకు మా ఓడను ఒక్కసారిగా సుమారు 35 మీటర్లు పైకెత్తింది. పది అంతస్తుల భవనమంత ఎత్తు! చీకటి బావి అడుగున ఉన్నట్లున్న ఓడ, తడి గోడల మధ్య మెల్లగా లేచి ఎండలోకి వచ్చింది. డెక్ మీద నిలబడిన వృద్ధులందరూ చిన్నపిల్లల వలె చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి రెగువా పట్టణం దాటి, సాయంత్రం నాలుగు గంటలకు పిన్యావ్ అనే చిన్న ఊరు చేరాము. అక్కడి రైలు స్టేషను గోడల నిండా నీలిరంగు పెంకుల మీద ద్రాక్షకోత దృశ్యాలు చిత్రించి ఉన్నాయి. అక్కడి నుంచి బస్సులో కొండమీది తోటకు తీసుకువెళ్లారు. తోటనూ దాని ఇంటినీ కలిపి వారు 'క్వింటా' అంటారు.

తోటలో చూసినవి

ఆ రోజు ఎండ మన మే నెలను తలపించింది. నేల మట్టి కాదు. పలకలు పలకలుగా విడిపోయే షిస్టు రాయి. ఆ రాయిని పగలగొట్టి, గోడలు పేర్చి, వాటి వెనుక నింపి తోటలు వేశారు. ద్రాక్షవేరు ఆ పలకల సందులలో మీటర్ల లోతుకు వెళ్లి తేమను వెదుక్కుంటుందట. 1756లో మార్క్విస్ ఆఫ్ పొంబాల్ అనే మంత్రి ఈ ప్రాంతానికి హద్దులు నిర్ణయించి, ఈ హద్దులలో పండిన ద్రాక్షతో చేసినదే నిజమైన పోర్ట్ వైన్ అని శాసనం చేశాడు. ఆనాడు పాతిన గ్రానైట్ హద్దురాళ్లు కొన్ని నేటికీ ఉన్నాయి. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. కొన్ని చోట్ల గోడలు మాత్రం మిగిలి, తీగలు లేక పిచ్చిమొక్కలు పెరిగిన మెట్లు కనబడ్డాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఫైలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను తిని తోటలను నాశనం చేసినప్పుడు రైతులు వదిలి వెళ్లిపోయిన భూములవి. రైతు బాధ ఏ దేశంలోనైనా ఒక్కటే కదా అని మా ఆవిడ నిట్టూర్చింది.

గ్రానైట్ తొట్టెలలో ద్రాక్షను ఇప్పటికీ కాళ్లతో తొక్కుతారు. పాదం మెత్తనిది కనుక గింజ చితకదు, చేదు దిగదు. తరువాత జరిగేది మన కల్లుగీత కార్మికునికి తెలిసిన శాస్త్రమే. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ ఈస్టు అనే సూక్ష్మజీవి అందులోని చక్కెరను తిని ఆల్కహాలుగా మారుస్తుంది. కల్లు పులుస్తుంది, మత్తు పెరుగుతుంది. ద్రాక్షరసంలోనూ ఇదే జరుగుతుంది. చక్కెర దాదాపు అంతా ఆల్కహాలుగా మారితే అది తీపి లేని మామూలు వైన్. పోర్ట్ వైన్‌కు మాత్రం, సగం చక్కెర మిగిలి ఉండగానే ద్రాక్ష నుంచి తీసిన ఘాటైన సారాయిని కలుపుతారు. దానితో ఈస్టు పని ఆగిపోతుంది. అందుకే పోర్ట్ తియ్యగానూ ఉంటుంది, మామూలు వైన్‌కన్నా ఘాటుగానూ ఉంటుంది. దానిలో ఆల్కహాలు సుమారు 20 శాతం.

పులిసే గదిలోకి వెళ్లబోయే ముందు మా మార్గదర్శకురాలు తలుపులన్నీ తెరిపించి కొంతసేపు ఆపింది. పులిసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువైనది. నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. పాడుబడిన బావులలోకి దిగి మనవారు ప్రాణాలు పోగొట్టుకునే వార్తలు నాకు గుర్తుకు వచ్చాయి. ఊపిరాడక పడిపోయినవాడిని రక్షించడానికి రెండవవాడు, అతనికోసం మూడవవాడు దిగుతారు. గాలి ఆడని లోతైన చోటికి, గాలిని పరీక్షించకుండా, నడుముకు తాడు కట్టుకోకుండా, పైన మనుషులు లేకుండా ఎవరూ దిగరాదు.

రుచి చూసే బల్ల దగ్గర

తరువాత అరుగు మీద బల్లలు వేసి, ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు ఉంచారు. రెండింటిలో తీపి లేని ఎర్ర వైన్, రెండింటిలో పోర్ట్. మధ్యలో ఒక పాత్ర. దానిని ఎందుకు పెట్టారని అడిగాను. రుచి చూసి ఉమ్మివేయడానికట. ఈ వృత్తిలో ఉన్నవారు రోజుకు అనేక రకాలు పరీక్షించవలసి ఉంటుంది కనుక మింగరు. ఆ పాత్ర చివరిదాకా ఖాళీగానే ఉంది. నాకు తాగే అలవాటు లేదు. వాసన చూశాను, ఎండుద్రాక్ష, లవంగం, పాత కలప కలిసిన పరిమళం. మా ఆవిడ అడిగి ద్రాక్షరసం తెప్పించుకుంది.

మా ఓడలో ఇంగ్లండులో స్థిరపడిన ఒక తెలుగు దంపతులు ఉన్నారు. ఆయన అరవై దాటిన ఇంజనీరు. పన్నెండేళ్లుగా మధుమేహం. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. మధ్యాహ్నం ఓడలో పెట్టిన చేపా బంగాళాదుంపలూ నచ్చక, నాలుగు ఆకుకూర ముక్కలు తిని లేచారు. ఎండలో కొండమెట్లు ఎక్కారు. బల్ల దగ్గర నాతో, "డాక్టరుగారూ, నేను చాలా జాగ్రత్త మనిషిని. షుగరు ఉంది కనుక ఆ తియ్యటి పోర్ట్ జోలికి పోను. తీపి లేనివే తీసుకుంటాను" అన్నారు. "ఖాళీ కడుపుతో వద్దండీ, ముందు కాస్త రొట్టె తినండి" అన్నాను. ఆయన నవ్వి, "రాత్రి విందు ఉంది కదండీ" అని, పోర్ట్ గ్లాసులకు బదులుగా మళ్లీ రెండుసార్లు ఎర్ర వైన్ పోయించుకున్నారు.

గంటన్నర తరువాత బస్సు దగ్గరకు దిగుతున్నాము. ఆయన అడుగు తడబడింది. మాట ముద్దగా వచ్చింది. ఎవరో చేయి పట్టుకోబోతే విసురుగా తోసివేశారు. వెనుక నుంచి కొందరు నవ్వారు. ఆయన భార్య సిగ్గుతో తల వంచుకుని, "ఎప్పుడూ ఇలా తాగరండీ, ఏమిటో ఈ రోజు..." అన్నది. దగ్గరకు వెళ్లి చేయి పట్టుకున్నాను. చర్మం చల్లగా, చెమటతో తడిసి ఉంది. నాడి వేగంగా కొట్టుకుంటోంది. వేళ్లు వణుకుతున్నాయి. "అమ్మా, గ్లూకోమీటరు ఉందా?" అని అడిగాను. ఆమె సంచిలో ఉంది. చూస్తే 48.

అది తాగిన మైకం మాత్రమే కాదు. రక్తంలో చక్కెర పడిపోవడం. ఆయనకు ఇంకా మింగే స్థితి ఉంది. మా ఆవిడ పరుగున వెళ్లి తెచ్చిన ద్రాక్షరసాన్ని గ్లాసు నిండా తాగించాము. పదిహేను నిమిషాల తరువాత 66. మరొక గ్లాసు. ఈసారి 94. అప్పుడు రొట్టె, జున్ను తినిపించాము. ఆయన చుట్టూ చూసి, "ఏమైంది? అందరూ ఇలా నిలబడ్డారేమిటి?" అన్నారు. తోట దిగిన సంగతే ఆయనకు గుర్తులేదు. ఓడవారు పిలిపించిన స్థానిక వైద్యుడు కూడా చూసి, రాత్రంతా రెండు గంటలకొకసారి పరీక్షించాలనీ, మళ్లీ పడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలనీ చెప్పారు. రాత్రి రెండు గంటలకు మళ్లీ 68కి దిగింది. పాలు, బిస్కెట్లు ఇచ్చారు. తెల్లవారేసరికి కుదుటపడింది.

ఇలా ఎందుకు జరిగింది?

మనం తిండి తినని వేళలలో రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయం. అది తనలో దాచుకున్న చక్కెరను విడుదల చేస్తుంది. ఆ నిల్వ తరిగినకొద్దీ కొత్తగా తయారు చేస్తుంది. మద్యం లోపలికి వెళ్లినప్పుడు కాలేయం దానిని విరగగొట్టే పనిలో పడుతుంది. ఆ సమయంలో కొత్త చక్కెర తయారీ కుంటుపడుతుంది. మరోపక్క గ్లిమెపిరైడ్ వంటి మాత్ర, మనిషి తిన్నా తినకపోయినా, క్లోమాన్ని ఇన్సులిన్ విడుదల చేయమని ప్రేరేపిస్తూనే ఉంటుంది. దీనికి ఖాళీ కడుపు, ఎండలో నడక తోడైతే చక్కెర దిగజారడానికి అన్ని దారులూ తెరిచినట్లే.

'తీపి లేదు కనుక షుగరు వారికి భయం లేదు' అనే మాట ఎంత ప్రమాదకరమో గమనించండి. తీపి పోర్ట్ మధుమేహులకు మంచిదని నా అభిప్రాయం కాదు. అది వేరే విధంగా చెరుపు చేస్తుంది. కానీ ఈ మాత్రలు వాడేవారికి అప్పటికప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది గ్లాసులోని చక్కెర కాదు, ఆల్కహాలు. పైగా దీని ప్రభావం తాగిన వెంటనే కనబడకపోవచ్చు; కొన్ని గంటల తరువాత, నిద్రలో, మరునాటి ఉదయం కూడా రావచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటి. చక్కెర పడిపోయిన మనిషికీ తాగిన మనిషికీ లక్షణాలు ఒకటే: తూలడం, మాట తడబడటం, కోపం, మగత. నోటి నుంచి మద్యం వాసన కూడా వస్తుంటే "నిద్రపోతే అదే దిగుతుంది" అని చాప వేసి పడుకోబెడతారు. అలా పడుకున్న మనిషి మరి లేవకపోవచ్చు.

గుండెకు మంచిదనే మాట ఎక్కడిది?

ఫ్రెంచివారు వెన్న, జున్ను బాగా తిన్నా వారిలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయనీ, ఎర్ర వైన్ అందుకు కారణం కావచ్చుననీ 1991లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ప్రచారం చేసింది. 1992లో సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సహరచయితతో కలిసి లాన్సెట్ పత్రికలో ఈ విషయమై వ్యాసం ప్రకటించారు. అప్పటి నుంచి ఆ నమ్మకం ప్రపంచమంతా పాకింది. తరువాతి పరిశీలనలలో లోపాలు బయటపడ్డాయి. తాగనివారి జాబితాలో, జబ్బుచేసి తాగుడు మానినవారు కూడా కలిసి ఉన్నారు. మితంగా వైన్ తాగేవారిలో చాలామంది సంపన్నులు, మంచి ఆహారం తీసుకునేవారు, వ్యాయామం చేసేవారు. ఆరోగ్యానికి కారణం ఆ జీవనవిధానం. ఘనత గ్లాసుకు దక్కింది.

ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థం గురించి కూడా గొప్పగా చెబుతారు. లీటరు ఎర్ర వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. ఒక గ్రాము కావాలంటే వందల లీటర్లు తాగాలి! ఆ పదార్థమే నల్లద్రాక్ష తొక్కలోనూ వేరుశనగలోనూ కొద్దిగా ఉంది. వాటితో మత్తు రాదు.

క్యాన్సర్ పరిశోధనకై ఉన్న అంతర్జాతీయ సంస్థ 1988లోనే మద్య పానీయాలను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉంది. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్య పరిమాణం అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

పేరు ఏదైనా లోపలికి వెళ్లేది ఒకే ఆల్కహాలు. ఎన్ని మిల్లీలీటర్లు తాగారో దానిని శాతంతో గుణించి, మళ్లీ 0.8తో గుణించి, 100తో భాగిస్తే ఎన్ని గ్రాముల ఆల్కహాలో తెలుస్తుంది. ఆ లెక్కన 20 శాతం పోర్ట్ 60 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాములు, 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 16 గ్రాములు, 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 42 గ్రాములు. "నేను బీరే కదా తాగేది" అనేవారు ఈ చివరి అంకెను మరొకసారి చూడాలి.

యాత్రకు బయలుదేరేవారికి

1. అలవాటు లేనివారు ఆరోగ్యం పేరుతో కొత్తగా మొదలుపెట్టవద్దు. తోటను చూడటానికి, చరిత్ర వినడానికి, వాసన చూడటానికి తాగనక్కరలేదు. మర్యాద కోసం రుచి చూడవలసి వస్తే ఉమ్మివేయడానికి పాత్ర ఉంటుంది. అది అమర్యాద కాదు.

2. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం మానరాదు. జేబులో గ్లూకోజు పొడి గానీ పంచదార పొట్లం గానీ, చేతిసంచిలో గ్లూకోమీటరు గానీ లేకుండా ఓడ దిగవద్దు.

3. మనిషి తూలుతూ చెమటలు పడుతుంటే, తాగినా తాగకపోయినా, ముందు చక్కెర పరీక్ష చేయండి. పరికరం లేకపోతే, మింగగలిగిన స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మరొకసారి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవండి.

4. నిద్రమాత్రలు, రక్తం పలుచబరిచే మందులు, మెట్రోనిడజోల్ వంటి మందులు వాడుతున్నప్పుడు మద్యం ముట్టవద్దు. వృద్ధులలో శరీరంలో నీటిశాతం తక్కువ. అదే గ్లాసు ఎక్కువ మత్తు ఇస్తుంది. ఓడ మెట్ల మీద జారితే తుంటి ఎముక విరుగుతుంది.

5. ఇంతవరకు రోజూ ఎక్కువగా తాగుతున్నవారు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానవద్దు. వణుకు, మూర్ఛ రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మానండి.

మధుమేహం ఉన్న పాఠకులు ఇప్పుడే లేచి తమ మాత్రల పట్టీ తెచ్చి చూసుకోవాలని నా మనవి. అందులో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ అనే పేర్లలో ఏ ఒక్కటి ఉన్నా, తిండి మానితే చక్కెర పడిపోయే మాత్ర మీరు వాడుతున్నారన్నమాట. రెండు మూడు మందులు కలిసిన మాత్రలలో ఈ పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి. ఆ పేరు ఒక కాగితం మీద రాసి ఇంట్లోవారికి చూపించి, చక్కెర పడిపోతే ఏం చేయాలో వారికి చెప్పి ఉంచండి. ఆ సమయంలో చెప్పగలిగే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.